ఢిల్లీ నీళ్లలో గరుకు జుట్టు: తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

ఓల్డ్ రాజేంద్రనగర్‌కు సివిల్స్ కోచింగ్ కోసం వచ్చినవాళ్లు కావచ్చు, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉద్యోగాల్లో చేరినవాళ్లు కావచ్చు. ఒత్తైన జుట్టున్న తెలుగు అమ్మాయిలు ఢిల్లీ వచ్చిన కొన్నాళ్లకు ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే: ‘ఇక్కడి నీళ్లు నా జుట్టుకు పడలేదు’. ఊళ్లో వారానికోసారి తలంటుకుంటే చాలు, జడలో ఒదిగిపోయే జుట్టు ఇక్కడ కొబ్బరిపీచులా తయారవుతుంది. దువ్వెన దిగదు. ఆరేసరికి రెండింతలై పైకి లేస్తుంది.

ఆ తర్వాతి దశ కూడా దాదాపు అందరిదీ ఒకటే. ముందు షాంపూ మారుస్తారు, తర్వాత సీరమ్ కొంటారు, ఆపైన షవర్ ఫిల్టర్ తెప్పిస్తారు. చివరికి సెలూన్‌లో కూర్చుని స్మూతెనింగ్‌కో కెరాటిన్ ట్రీట్‌మెంట్‌కో వేల రూపాయలు చెల్లిస్తారు. కొత్తగా మొలిచే వెంట్రుక మళ్లీ పాత తీరులోనే వస్తుంది కాబట్టి కొన్ని నెలలకు అదే కుర్చీలో మళ్లీ కూర్చోవాలి.

నిజానికి ఈ ఖర్చులో చాలాభాగం అవసరం లేదు. ఇబ్బంది జుట్టు రకంతో వచ్చింది కాదు. ఆ రకం జుట్టుకు ఏం కావాలో, ఎన్‌సీఆర్ నీళ్లూ గాలీ దాన్నుంచి ఏం తీసేసుకుంటున్నాయో తెలిస్తే, సరిదిద్దడానికి కావలసినవి ఎక్కువగా వంటింట్లోనూ కిరాణా కొట్లోనూ దొరుకుతాయి.

ఒత్తు వేరు, మందం వేరు

తెలుగులో ‘ఒత్తైన జుట్టు’ అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. తలమీద వెంట్రుకలు ఎక్కువ సంఖ్యలో ఉండటం ఒకటి. ఒక్కో వెంట్రుక లావుగా ఉండటం మరొకటి. గరుకుగా తగిలేది రెండో రకం. మనిషి వెంట్రుక సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 80 మైక్రాన్లు దాటినదాన్ని గరుకు కోవలో వేయవచ్చు. ఒక వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలిపితే దారపు పోగులా స్పష్టంగా తెలిసిందంటే అది మందపు వెంట్రుకే.

వెంట్రుక పైభాగం ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చిన పలుచని పొరలతో ఉంటుంది. దీన్ని క్యూటికల్ అంటారు. పెంకులు సరిగ్గా పడుకుని ఉంటే వెంట్రుక నున్నగా ఉంటుంది, మెరుస్తుంది. అవి పైకి లేస్తే ఒకదానికొకటి తగులుకుని చిక్కుపడతాయి. నీళ్లలో నానినప్పుడు, సబ్బు లాంటి క్షారం తగిలినప్పుడు వెంట్రుక ఉబ్బి ఈ పెంకులు లేస్తాయి. కాస్త ఆమ్లం తగిలితే తిరిగి సర్దుకుంటాయి.

ఇక రింగులు తిరిగిన జుట్టుకు మరో చిక్కు ఉంది. మాడు నుంచి ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద మొదటి మలుపు దగ్గరే ఆగిపోతుంది. అందుకే రింగుల జుట్టున్నవాళ్లకు కుదుళ్లు జిడ్డుగా, కొసలు ఎండుగడ్డిలా ఉంటాయి. ఒకే తలమీద రెండు రకాల అవసరాలన్నమాట. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే: మాడుకు శుభ్రం, పొడవుకు తేమా నూనే.

నీళ్లను ముందు అనుమానించాలి, కానీ ఎంతవరకు?

ఎన్‌సీఆర్‌లో ‘ఢిల్లీ నీళ్లు’ అని ఒకే రకం నీళ్లు లేవు. ఢిల్లీ జల్ బోర్డు యమున, గంగ, భాక్రా జలాలను శుద్ధి చేసి పంపుతుంది. నదుల నుంచి వచ్చిన ఈ నీళ్లు బోరు నీళ్లకంటే మెత్తన. నోయిడాలో గంగాజలంలో భూగర్భజలం కలిపి ఇస్తారు. పైపులైను సరిగా అందని కాలనీల్లో, పీజీ హాస్టళ్లలో, శివార్లలోని అపార్ట్‌మెంట్లలో బోర్లే దిక్కు, లేదంటే ట్యాంకర్లు. నజఫ్‌గఢ్ వైపు భూగర్భజలాల్లో ఉప్పదనం కూడా ఎక్కువే. ఒకే భవనంలో పొద్దున ఒక రకం నీళ్లు, సాయంత్రం మరో రకం రావడం ఇక్కడ వింతేమీ కాదు.

నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే కాఠిన్యానికి కారణం. భారత తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500, 2012) ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అంటే ‘తాగడానికి పనికొచ్చే నీళ్లు’ అన్నంత మాత్రాన అవి జుట్టుకు మెత్తన అని కాదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బోరు నీళ్లతో బట్టలుతికినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంట్లో తేల్చుకోవడానికి కిట్లు కొనక్కర్లేదు. పారదర్శకమైన సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త సబ్బు తురిమి వేసి గట్టిగా ఊపాలి. నురగ నిలిస్తే మెత్తని నీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలలా మారి పైన తెట్టు కడితే కఠిన జలం. అలవాటైన కంటికి ఇదీ అక్కర్లేదు. కుళాయి చుట్టూ తెల్లటి పెచ్చులు, బకెట్ అంచున సున్నపు గీత, ఏటా పాడయ్యే గీజర్ రాడ్ చాలు.

తలకు ఒంటిసబ్బు రుద్దితే సీసాలో కట్టిన ఆ తెట్టే వెంట్రుకల మీదా పేరుకుంటుంది. ఎంత కడిగినా పోని జిగటతనం అదే. షాంపూలు ఈ తెట్టును అంతగా కట్టవు. కానీ లవణాలు మాత్రం వెంట్రుక మీద కొంత చేరతాయి, గరుకుదనం పెరుగుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. కఠిన జలం వల్ల జుట్టు కుదుళ్లతో సహా ఊడిపోతుందన్న మాటకు గట్టి ఆధారం లేదు. కోయంబత్తూరు వైద్యులు 15 మంది మహిళల వెంట్రుకలను కఠిన జలంతోనూ, స్వేదన జలంతోనూ శుద్ధి చేసి పోల్చారు. సాగే గుణంలో, తెగే బలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2013లో ప్రచురించారు. అదే బృందం ఆ తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు కఠిన జలం తగిలిన వెంట్రుకల పైపొర చెదిరినట్లుగా, ఖనిజాలు ఎక్కువగా పేరుకున్నట్లుగా కనిపించింది. సారాంశం ఏమిటంటే, ఈ నీళ్లు జుట్టును గరుకు చేస్తాయి. గరుకు జుట్టు చిక్కుపడుతుంది. చిక్కును లాగితే మధ్యలో తెగుతుంది. బాత్‌రూమ్‌లో కనిపించే పోగులు కుదుళ్ల నుంచి వచ్చినవా, మధ్యలో తెగినవా అన్నది చూడటం అందుకే ముఖ్యం. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే ఊడినట్లు. లేకపోతే తెగినట్లు.

చివరి చెంబు

నీళ్లను మార్చుకోవడానికి అందరూ మొదట కొనేది షవర్ ఫిల్టర్. ఇలాంటి ఫిల్టర్లలో ఎక్కువగా ఉండే కార్బన్, రాగి–జింకు మిశ్రమం క్లోరిన్‌ను తగ్గిస్తాయి, కాఠిన్యాన్ని కాదు. కాల్షియం, మెగ్నీషియం పోవాలంటే అయాన్ మార్పిడి పద్ధతిలో పనిచేసే సాఫ్ట్‌నర్ కావాలి. దానికి ఉప్పుతో తరచూ రీఛార్జి చేయాలి. అద్దె గదిలో ఉండేవారికి ఇది ఖర్చుకు తగ్గ పని కాదు.

అంతకంటే చవకైన మార్గం, తలస్నానమంతా మామూలు నీళ్లతో చేసి చివరి రెండు చెంబులు మాత్రం మెత్తని నీళ్లు పోసుకోవడం. ఎన్‌సీఆర్‌లో చాలా ఇళ్లలో, పీజీల్లో ఆర్‌ఓ యంత్రం ఉంటుంది. లీటరున్నర ఆర్‌ఓ నీళ్లు పక్కన పెట్టుకుంటే చాలు. అది లేనిచోట నీళ్లు కాచి, చల్లార్చి, అడుగున తేరిన తెల్లటి మడ్డి కదలకుండా పైనీళ్లు వంపుకోవచ్చు. మరిగిస్తే కాఠిన్యంలో ఒక భాగం (బైకార్బనేట్ల వల్ల వచ్చేది) తగ్గుతుంది. మొత్తం పోదు.

ఒక జాగ్రత్త. ఆర్‌ఓ యంత్రం వెనక గొట్టం నుంచి వచ్చే వృథా నీళ్లను బకెట్లో పట్టి వాడుకునే మంచి అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఇల్లు తుడవడానికి అవి పనికొస్తాయి. తలకు మాత్రం వద్దు. తీసేసిన లవణాలన్నీ చేరేది అందులోనే.

ఆ చివరి చెంబులో ఒక చెంచా వెనిగరో, వడకట్టిన అరచెక్క నిమ్మరసమో కలిపితే ఇంకా మంచిది. కాస్త ఆమ్లం పేరుకున్న లవణాలను కొంత వదిలిస్తుంది, లేచిన పెంకులను సర్దుతుంది. వారానికోసారి చాలు. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే మంటపుడుతుంది కాబట్టి మానేయాలి. నిమ్మరసం నేరుగా పిండుకోవడం, పోసుకుని ఎండలో కూర్చోవడం మంచిది కాదు. షాంపూ కొనేవాళ్లు సీసా వెనక ‘డైసోడియం ఈడీటీఏ’ వంటి పేరు ఉందేమో చూసుకోవచ్చు. లవణాలను పట్టి ఉంచే పదార్థం అది. ఖరీదైన సీసాల్లోనే ఉంటుందని కూడా ఏమీ లేదు.

కుంకుడుకాయ, అతిశయోక్తులు లేకుండా

కుంకుడుకాయ గురించి తెలుగిళ్లలో భక్తితో మాట్లాడేవాళ్లున్నారు, పాతకాలపు చాదస్తంగా కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రెంటికీ మధ్య కొంత రసాయనశాస్త్రం ఉంది.

కుంకుడు తొక్కలో ఉండే సపోనిన్లు నురగనిచ్చి మురికిని వదిలిస్తాయి. సబ్బులా ఇవి కాల్షియంతో కలిసి తెట్టు కట్టవు. అంటే సబ్బు ఓడిపోయే కఠిన జలంలో కూడా కుంకుడు రసం పనిచేస్తుంది. పైగా సబ్బు క్షారమైతే, కుంకుడు రసానిది కాస్త ఆమ్లగుణం. దక్షిణాదిన వాడేది, ఉత్తరాదిన హిమాలయ పాదాల్లో పెరిగేది ఒకే ప్రజాతికి చెందిన రెండు వేర్వేరు చెట్లు. పని మాత్రం ఒకటే. ఢిల్లీలో దాన్ని ‘రీఠా’ అంటారు. శీకాయను ‘శికాకాయి’ అంటే తెలుస్తుంది. ఉసిరి ‘ఆంవ్లా’, మెంతులు ‘మేథీ’, అవిసెగింజలు ‘అల్సీ’, మందారం ‘గుడ్‌హల్’. ఫతేపురీ మసీదు పక్కనుంచి సాగే ఖారీ బావలీ బజారులో ఇవన్నీ కాయలుగానే దొరుకుతాయి. పొడి కంటే కాయ కొనడమే మేలు. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. ముఖ్యంగా ‘కాలీ మెహందీ’ పేరుతో అమ్మే నల్ల పొడుల్లో పీపీడీ అనే రంగు ఉండవచ్చు. కొందరికి దాంతో తీవ్రమైన అలర్జీ వస్తుంది.

నడుము దాకా ఉన్న ఒత్తు జుట్టుకు పది, పన్నెండు కాయలు కావాలి. గింజలు తీసి, తొక్కలను ముందురోజు రాత్రి అరలీటరు వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే ఆ పిప్పి రింగుల జుట్టులో ఇరుక్కుని రోజంతా రాలుతూ ఉంటుంది. నాలుగు మందారాకులు కూడా నలిపి కలిపితే రసం జారుడుగా వస్తుంది, చిక్కులు విడదీయడం సులువవుతుంది. ఎన్‌సీఆర్ పార్కుల్లో, ఇళ్ల ముందర మందారం చెట్లకు కొదవ లేదు. రసం నిల్వ ఉండదు, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు అమ్మమ్మ చేత తలంటించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తల వెనక్కి వాల్చి పోసుకోవాలి.

అయితే కుంకుడు రసం ‘సహజం కాబట్టి మృదువు’ అనుకోకూడదు. గట్టిగానే శుభ్రం చేస్తుంది, ఉన్న నూనెను లాగేస్తుంది. గరుకు జుట్టుకు నూనె పెట్టకుండా కుంకుడు వాడితే అది మరింత పీచవుతుంది. మన తలంటు పద్ధతిలో ముందు నూనె, తర్వాత కుంకుడు అన్న వరస ఊరికే రాలేదు. ఒక దాని దూకుడును మరొకటి ఆపుతుంది. ఉదయం ఎనిమిదికి మెట్రో ఎక్కాల్సినవాళ్లకు ఇదంతా కుదరని పని అయితే, మామూలు షాంపూనే ఒక చెంబు నీళ్లలో కలిపి పలుచన చేసి మాడుకు మాత్రమే పట్టించడం మంచి ప్రత్యామ్నాయం. కొసలకు విడిగా రుద్దక్కర్లేదు, జారే నురగ చాలు. (షాంపూ అన్న మాటే మన దేశపు ‘చాంపీ’కి చుట్టం. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో మర్దన స్నానాలకు ఆ పేరు తగిలించి పేరు తెచ్చుకున్నాడు.)

గరుకు జుట్టున్నవాళ్లు మార్కెట్లో ఒక్కటే వస్తువు కొనాలంటే అది షాంపూ కాదు, కండిషనర్. ఒకటి రెండు రూపాయల తేడాతో దొరికే సాషే అయినా ఫర్వాలేదు. కడిగాక వెంట్రుక మీద నిలిచి ఘర్షణ తగ్గించడమే దాని పని. ఆ పని చవక కండిషనర్లు కూడా బాగానే చేస్తాయి. కుదుళ్లకు రాయకుండా చెవుల దగ్గర నుంచి కిందికి పట్టించి, రెండు మూడు నిమిషాలు ఉంచి, పూర్తిగా కాకుండా కాస్త మిగిలేలా కడిగేస్తే రింగుల జుట్టు ఆరాక కూడా ఒదిగి ఉంటుంది.

నూనె ఎప్పుడు, ఎక్కడ

నూనెల్లో కొబ్బరినూనెకు ప్రత్యేకత ఉంది. అందులోని లారిక్ ఆమ్లపు అణువులు చిన్నవి, తిన్ననివి కావడంతో వెంట్రుక లోపలికి చేరగలవు. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చిన 2003 నాటి అధ్యయనంలో కడగడానికి ముందు రాసినా, తర్వాత రాసినా ప్రొటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. ఆ అధ్యయనం చేసినవారు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ పరిశోధకులు. ఆ సంగతి గుర్తుంచుకుని చదవాలి. అయినా లారిక్ ఆమ్లం తీరు గురించిన వివరణ మాత్రం హేతుబద్ధంగానే ఉంది.

తలస్నానానికి గంట ముందో, ముందురోజు రాత్రో జుట్టు పొడవుకు నూనె రాయాలి. నీళ్లు వెంట్రుకలోకి అతిగా చొరబడి ఉబ్బించకుండా అది అడ్డుపడుతుంది. మాడుకు ఎక్కువగా పట్టించాల్సిన పనిలేదు. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకు అసలు రాయకపోవడమే మంచిది. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఈస్ట్ నూనెలోని కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది. ‘చుండ్రు పొడి మాడు వల్ల వస్తుంది, నూనె పెడితే పోతుంది’ అన్న సలహా ఢిల్లీ చలికాలంలో చాలామందిని ఇబ్బంది పెడుతోంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. విజయవాడలో అంతగా కనిపించని ఈ దృశ్యం డిసెంబరు ఢిల్లీలో రోజూ కనిపిస్తుంది. సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెడితే సరిపోతుంది. సన్నమూతి సీసా బదులు వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే చెంచాతో తీసుకోవచ్చు. అరచేతుల్లో రుద్దితే కరుగుతుంది.

చిక్కు తీసే చెయ్యి

గరుకు జుట్టు విషయంలో ఏం రాశామన్న దానికంటే ఎలా దువ్వామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. తిన్నని జుట్టును తడిగా దువ్వకూడదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, లాగితే తెగుతుంది. రింగుల జుట్టుకు ఇది తిరగబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు దువ్వితేనే అది ఎక్కువగా తెగుతుంది. కండిషనర్ జారుడు ఉండగానే, స్నానపు గదిలోనే వేళ్లతోనో పెద్ద పళ్ల దువ్వెనతోనో చిక్కు తీయాలి.

జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, మూడింటిని పిన్నులతో పక్కకు పెట్టి, ఒక్కో పాయను కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుకుంటూ రావాలి. ముడి దగ్గర పైభాగాన్ని గుప్పిట్లో పట్టుకుంటే లాగుడు కుదుళ్ల దాకా పోదు. ఈ ‘పాయల’ పద్ధతిని పద్ధతిగా పెంపొందించినవాళ్లు ఆఫ్రికా మూలాలున్న మహిళలు. వారిది ప్రపంచంలోకెల్లా బిగుతైన చుట్టల జుట్టు. మాలవీయనగర్ పక్కనున్న ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌లో చాలాకాలంగా ఆఫ్రికా దేశాల విద్యార్థులు, ఉద్యోగులు ఉంటున్నారు. సన్నటి జడలల్లి జుట్టును వారాల తరబడి చిక్కుపడకుండా కాపాడుకోవడం వారికి తరాల నుంచి వచ్చిన విద్య. మన రెండు జడలది కూడా అదే సూత్రం. కాకపోతే బిగుతు హద్దు దాటకూడదు. రోజూ నుదుటి దగ్గర లాగి కట్టే జడలు, నెత్తిమీద బిగించే ముడులు ముందువైపు జుట్టును వెనక్కి తీసుకెళతాయి. ఏళ్ల తరబడి అలాగే లాగితే అక్కడ జుట్టు తిరిగి రాదు.

తుడిచేటప్పుడు టర్కీ తువాలుతో రుద్దవద్దు. పాత కాటన్ టీషర్టో, మెత్తని తుండుగుడ్డో చుట్టి నీళ్లు పీల్చనివ్వాలి. రాత్రి వదులుగా ఒక జడ వేసుకుని పడుకుంటే సగం చిక్కు తప్పుతుంది. శాటిన్ దిండుగలీబు కొనమని అందరూ చెబుతారు. పాత సిల్కు చీర ముక్క దిండుకు చుట్టినా పని జరుగుతుంది.

వంటింటి జెల్

రింగులు విడిపోకుండా పట్టి ఉంచడానికి అమ్మే జెల్‌ల బదులు అవిసెగింజల జెల్ చేసుకోవచ్చు. రెండు చెంచాల గింజలను రెండు కప్పుల నీళ్లలో వేసి సన్నసెగ మీద కలుపుతూ ఉంటే ఏడెనిమిది నిమిషాల్లో గుడ్డులోని తెల్లసొనలా చిక్కబడుతుంది. వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి దిగదు. చాలామంది మొదటిసారి పాడుచేసేది ఇక్కడే. తడి జుట్టుకు కొద్దిగా రాసి, దోసిట్లో గుప్పిళ్లుగా పైకి నొక్కి వదిలేయాలి. ఆరాక గట్టిపడిన పూతను చేతులతో నలిపేస్తే రింగులు మెత్తగా నిలుస్తాయి. ఫ్రిజ్‌లో వారం లోపు వాడేయాలి. వాసన మారితే పారబోయాలి. బెండకాయ ముక్కలు ఉడికించిన జిగురు కూడా ఇలాగే పనికొస్తుంది.

నానబెట్టి రుబ్బిన మెంతులు జారుడునిస్తాయి, కండిషనర్ చేసే పనిలో కొంత చేస్తాయి. కడగడానికి మాత్రం ఓపిక, చాలా నీళ్లు కావాలి. ట్యాంకరు నీళ్ల కాలనీలో ఉన్నవాళ్లకు ఇది లాభసాటి కాదు. కోడిగుడ్డు సంగతి వేరు. అందులోని ప్రొటీన్ అణువులు వెంట్రుకలోకి దూరలేనంత పెద్దవి. తలకు పట్టించడం కన్నా తినడమే లాభం.

ఢిల్లీలో ఏడాది పొడవునా ఒకే పద్ధతి నడవదు. మే, జూన్‌లలో లూ గాలి తేమనంతా పీల్చేస్తుంది. అప్పుడు బయటికెళ్లేముందు చున్నీ కప్పుకోవడం, నూనె కాస్త ఎక్కువ వాడటం అవసరం. జులైలో వానలు మొదలవగానే గాలిలో తేమ వెంట్రుకలోకి చేరి ఉబ్బిస్తుంది. జెల్ ఎక్కువగా అక్కరకొచ్చేది అప్పుడే. నవంబరు దుమ్ముకు, పొగకు వారానికి రెండుసార్లు మాడు కడుక్కోవాల్సి రావచ్చు. గీజరు నీళ్లు గోరువెచ్చన దాటకుండా చూసుకోవాలి.

సెలూన్ కుర్చీలో కూర్చునే ముందు

ఇంటి పద్ధతులకు ఓపిక లేక స్ట్రెయిటెనింగ్‌కు వెళ్లేవాళ్లు డబ్బుతో పాటు మరో లెక్క కూడా చూసుకోవాలి. శాశ్వతంగా తిన్నగా చేసే రసాయనాలు వెంట్రుకకు బలాన్నిచ్చే సల్ఫర్ బంధాలను తెంచి కొత్త ఆకారంలో కూర్చుతాయి. కొన్ని ‘కెరాటిన్’ ట్రీట్‌మెంట్లలో వేడిచేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని వర్గీకరించింది. కుర్చీలో ఉన్నవారికంటే రోజూ ఆ పొగ పీల్చే సెలూన్ ఉద్యోగికి ముప్పు ఎక్కువ.

‘ఫార్మాల్డిహైడ్ లేనిది’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. దాని బదులు వాడే గ్లయాక్సిలిక్ ఆమ్లం గురించి 2024 మార్చిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ వైద్యులు ఒక కేసు ప్రచురించారు. 26 ఏళ్ల మహిళకు 2020, 2021, 2022లలో మూడుసార్లు కిడ్నీలు అకస్మాత్తుగా దెబ్బతిన్నాయి. మూడుసార్లూ స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాకే. అదే క్రీమును ఎలుకల చర్మం మీద రాసి చూస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు ఏర్పడ్డాయి.

అమెరికాలో 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. స్ట్రెయిటెనింగ్ ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. తరచూ వాడినవారిలో అది 4.05 శాతం. రసాయనమే కారణమని ఈ అంకెలు నిరూపించవు. రెంటికీ సంబంధం ఉందని మాత్రం చెబుతాయి. ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ చేయించుకున్నవారిని ఆ అధ్యయనం ‘తరచూ వాడేవారు’గా లెక్కించింది.

ఇంత జరుగుతున్నా డిమాండ్ తగ్గకపోవడానికి కారణం జుట్టు కాదు, చూపులు. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ‘ఆ పిచ్చుకగూడు సంగతి చూసుకో’ అనేవాళ్లు హాస్టల్లోనే ఉంటారు. పెళ్లిచూపుల ముందు ఇంట్లోవాళ్లే చెబుతారు. అమెరికాలో నల్లజాతి మహిళలు సహజమైన జుట్టుతో ఉద్యోగాలకు వెళ్లడం కోసం చట్టం దాకా పోరాడాల్సి వచ్చింది. సహజ జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా, 2019లో. మన దగ్గర విడ్డూరం మరో రకంగా ఉంది. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. అవి విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా మారి విదేశాలకు చేరతాయి. పరాయి దేశాలవాళ్లు డబ్బిచ్చి కొనుక్కునే జుట్టును మార్చుకోవడానికి అది తలమీద ఉన్నవాళ్లు డబ్బు కడుతున్నారు.

ఇంటి వైద్యం ఎక్కడ ఆపాలి

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. ఒత్తు జుట్టున్నవాళ్లు వారానికోసారి తలంటుకుంటే ఆ వారం పోగులన్నీ ఒకేసారి కనిపించి కంగారు పుడుతుంది. అంతకు మించి, బుడిపెలతో సహా గుప్పెళ్లుగా ఊడుతుంటే మాత్రం నీళ్లను తిట్టుకుంటూ కూర్చోకూడదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలు, కాన్పు, పరీక్షల ఒత్తిడి, తిండి మారడం వంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు ఊడటం మొదలవుతుంది. ఢిల్లీకి వచ్చిన మూడో నెలలో ‘నీళ్లు పడలేదు’ అనిపించడంలో మెస్ భోజనానికీ, నిద్రలేమికీ కూడా వాటా ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఏ నూనే ఆపలేదు.

ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్, రామ్‌మనోహర్ లోహియా ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీడీలు ఉన్నాయి. మాడు మీద నాణెమంత ఖాళీలు ఏర్పడినా, నుదుటి గీత వెనక్కి జరుగుతున్నా, పొలుసులతో పాటు ఎర్రదనం, నొప్పి ఉన్నా త్వరగా వెళ్లాలి. వెళ్లేరోజు తలకు నూనె పెట్టుకోకుండా, జడ బిగించకుండా వెళితే వైద్యులకు మాడు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మధ్య ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు, సెలూన్‌లో చేయించుకున్న ట్రీట్‌మెంట్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాలి.